కూర్చున్న స్పాంజి

అత్తగారి మీద ఫిర్యాదు చెయ్యాలంటే ఎక్కడికి వెళ్ళాలో ఈ పన్నెండేళ్ళలో కోడలికి తెలియలేదు. పోలీసులకి చెబితే నవ్వుతారు. మొగుడికి చెబితే వినకుండానే నవ్వుతాడు. ఆవిడ నేరాలు అలాంటివి మరి. ఇంట్లోకి మెత్తటి వస్తువు ఏది వచ్చినా, దిండు కానీ పరుపు కానీ రొట్టె కానీ, దాన్ని బొటనవేలితో నొక్కి, కళ్ళు మూసుకుని "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి, పడిన గుంట పైకి లేవడానికి ఎంతసేపు పట్టిందో చూసి తీర్పు చెబుతుంది. ఒకసారి చుట్టాల పసిపిల్ల బుగ్గ నొక్కి "రెండు. ఫరవాలేదు, గట్టిపిల్లే" అంది. ఆ చుట్టాలు కాఫీ చల్లారకముందే లేచి వెళ్ళిపోయారు.

ఇన్ని తీర్పులు చెప్పే మనిషి తన పొరపాటు ఒక్కటైనా ఒప్పుకుందా అంటే, అదీ లేదు. పాలు పొంగితే పొయ్యి తప్పు. గ్లాసు పగిలితే అది చేసినవాడి తప్పు. మెట్టు మీద కాలు జారితే ఎప్పుడో ఇల్లు కట్టిన మేస్త్రీ తప్పు. "పొరపాటు నాదే" అన్న ముక్క ఆవిడ నోట విన్నవాళ్ళు ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలోనే లేరు.

మోకాళ్ళు మొరాయించేదాకా అత్తగారు పనిచేసిన ప్యాకింగు ఫ్యాక్టరీలోనే ఇప్పుడు కోడలి ఉద్యోగం. ఆ ఫ్యాక్టరీ సొంతంగా ఏ వస్తువూ తయారుచెయ్యదు. ఎవరో చేసిన వస్తువు ఎక్కడికో పగలకుండా చేరేట్టు స్పాంజి పెట్టి, పెట్టెలో బిగించి, పట్టీలు వేసి పంపుతుంది. అత్తగారి కాలంలో దానికి చేతులు చాలు. ఇప్పుడు కాగితాలు కూడా కావాలి. స్పాంజి వచ్చిన రోజున బరువు పెట్టి చూసి రాయాలి. ముప్పై రోజులు దాటి నిల్వ ఉంటే మళ్ళీ చూసి రాయాలి. ఏ పెట్టె ఎవరు కట్టారో, ఎన్ని గంటలకు కట్టారో చీటీ మీద రాయాలి. ఇవన్నీ రాసేదీ, రాయించేదీ కోడలే. అందుకే ఫ్యాక్టరీలో ఆమెను అందరూ చెకింగమ్మ అంటారు.

ఇంట్లో దీనిమీద వారానికోసారైనా యుద్ధం.

"మా రోజుల్లో కాగితం లేదు, పని ఉండేది," అంటుంది అత్తగారు. "ఈ వేలు చాలు నాకు."

"మీ వేలికి తేదీ ఉండదు కదత్తయ్యా, సంతకం ఉండదు. పైగా అది మీతోపాటే రిటైరయింది."

"అయితే స్పాంజి ఎందుకూ? మీ కాగితాలే ఉండలు చుట్టి పెట్టెల్లో కుక్కండి, బోలెడున్నాయిగా."

ఇంత పోట్లాటలోనూ అత్తగారు కోడలికి ఒక మేలు చేసింది. ఉద్యోగంలో చేరిన రోజు పొద్దున, గుమ్మం దగ్గర ఆపి, గొంతు తగ్గించి చెప్పింది: "హాల్లో ఒక్క కుర్చీ ఉండదు. కిటికీ పక్కన పెద్ద స్పాంజి దిమ్మల దొంతర ఉంటుంది, దానిమీద కూర్చో. గాలి వస్తుంది, నడుముకు హాయి. రిటైరయ్యేదాకా అదే నా సింహాసనం." ఆవిడ చెప్పిన మాటల్లో కోడలు మారుమాట్లాడకుండా పాటించింది ఇదొక్కటే.

*

సోమవారం పొద్దున్నే రెండు పెట్టెలు తిరిగొచ్చాయి.

ఆస్పత్రుల్లో ఎక్స్‌రే యంత్రంలో బిగించే గాజు గొట్టాలవి. ఒక్కొక్కటి చంటిపిల్లంత బరువు. పదిహేను రోజుల క్రితం ఆరు వెళ్ళాయి. నాలుగు క్షేమంగా చేరాయి, రెండింట్లో గాజు బీటలు వారింది. ఎక్కడో ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే గదికి తాళం వేశారట, చెయ్యి విరిగినవాళ్ళూ కాలు విరిగినవాళ్ళూ పక్క ఊరికి వెళ్తున్నారట. ఈ సంగతంతా ఉత్తరంలో రాసి, కింద ఎర్రగీత గీసి మరీ పంపారు.

సూపర్వైజరు ఆ ఉత్తరాన్ని రెండువేళ్ళతో పట్టుకుని హాల్లోకి వచ్చాడు. ఆయన ఏ వాక్యం మొదలుపెట్టినా "అవునుగానీ" అనే మొదలుపెడతాడు. ఎదుటివాళ్ళు ఏమీ అనకపోయినా సరే. ఆయన అసలు పేరు జీతాల రిజిస్టరులో మాత్రమే ఉంది. బయట ఆయన అవునుగానీగారే.

"అవునుగానీ చెకింగమ్మా, ఈ రెండూ ఎవరు కట్టారో చీటీ చూడండి."

చూసింది. తొమ్మిదీ పది, తొమ్మిదీ నలభై. రెండు చీటీల మీదా ఒకటే సంతకం. పట్టీలక్కది.

పట్టీలక్క ఆ హాల్లో అందరికన్నా పాతమనిషి. పట్టీ బిగించి, మిషను లివరు వంచి, కొస కత్తిరించడం ఒకే ఊపులో చేస్తుంది. చూసేవాళ్ళకి ఎక్కడ బిగించిందో ఎక్కడ కత్తిరించిందో తెలియదు. చీటీలు తన ముందు పెడితే చాలాసేపు చూసింది.

"సంతకం నాదే. అయితే?"

"అవునుగానీ, మిగతా నాలుగూ వేరేవాళ్ళు కట్టారు. ఒక్కటీ పగల్లేదు," అన్నాడు సూపర్వైజరు.

"నేను ఎలా కడతానో మీకు తెలీదా అండీ?"

"అవునుగానీ, శుక్రవారం ఆడిటరు వస్తున్నాడు. ఇలాంటిది జరిగితే కారణం ఏంటి, ఏం చర్య తీసుకున్నారు అని అడుగుతాడు. కారణం లేకపోతే సర్టిఫికెట్టు పోతుంది. సర్టిఫికెట్టు పోతే ఇలాంటి గాజు సామాను మనకి ఇవ్వరు. అందరం ఇంటికే." ఆయన కోడలి వైపు తిరిగాడు. "రిపోర్టు మధ్యాహ్నంలోగా కావాలి. పట్టీ మరీ బిగించడం వల్ల అని రాయండి. ఇంకేం ఉంటుంది కారణం?"

ఇంకేం ఉంటుంది, అని కోడలు కూడా అనుకుంది. లెక్క సూటిగా ఉంది. ఆరింట్లో రెండు పగిలాయి. రెండూ ఒకే చేతివి. ఆమె కిటికీ పక్కకు వెళ్ళి, దొంతర మీద కూర్చుని, తొడ మీద అట్ట పెట్టుకుని గుండ్రటి అక్షరాలతో రిపోర్టు రాసింది. "కారణం: చేతి పొరపాటు, పట్టీ మరీ బిగించడం. చర్య: సదరు వర్కరును పనినుంచి ఆపడమైనది. ఆడిట్ తర్వాత తుది నిర్ణయం." రాస్తుంటే మోకాళ్ళు ఎప్పటికన్నా కాస్త ఎత్తుగా ఉన్నట్టు అనిపించింది. దొంతర తగ్గింది కాబోలు అనుకుంది.

పట్టీలక్క తన కత్తెరను గుడ్డతో తుడిచి, బల్ల సొరుగులో పెట్టి, సొరుగు మూసి వెళ్ళిపోయింది. ఎవరివైపూ చూడలేదు.

సాయంత్రం సూపర్వైజరు పగిలిన పెట్టెల్లోని స్పాంజి దిమ్మల్ని చూపించి "ఇవి పారేయించండి" అన్నాడు. రూలు ప్రకారం తిరిగొచ్చిన సామానుకి ఎర్రచీటీ కట్టి నెలరోజులు ఉంచాలి. కోడలు ఏడింటికి ఎర్రచీటీ కట్టి బీరువాలో పెట్టింది. ఎనిమిదోది మాత్రం సంచిలో వేసుకుంది. దిమ్మ మంచిదే, చిన్న గీత కూడా లేదు. అత్తగారి మోకాళ్ళ కింద పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. ఏడుంటే ఏంటి, ఎనిమిదుంటే ఏంటి అనుకుంది. రోజంతా రూల్సు రాసే మనిషికి ఆ మాత్రం చనువుండదా!

*

అత్తగారు దిమ్మను చేతిలోకి తీసుకుని, అలవాటు ప్రకారం బొటనవేలు దింపి, కళ్ళు మూసుకుంది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు..."

"అత్తయ్యా, అది మోకాలి కింద పెట్టుకోడానికి. పరీక్ష పెట్టడానిక్కాదు."

ఆవిడ కళ్ళు తెరిచి కోడలివైపు ఎంత అవమానపడ్డట్టు చూసిందంటే, పేపరు చదువుతున్న కొడుకు కూడా తలెత్తాడు.

"నాకు ఇంకొకరు కూర్చున్న స్పాంజి తెస్తావా?"

"కూర్చోవడమేంటి? అది కొత్తది. పెట్టెలోంచి తీసింది."

"నువ్వు నొక్కి చూడు. కొత్తదైతే వేలిని తోస్తుంది. ఇది తొయ్యట్లేదు, పడుకుని ఉంది. మందం ఉంది కానీ లోపల సత్తువ లేదు. ఎవరో రోజూ కూర్చున్నారమ్మాయ్ దీనిమీద. మన సోఫాలో మధ్య దిండు ఇలాగే కాలేదూ, వీడు ఆఫీసు నించి రాగానే అందులో కూలబడి కూలబడి?"

"మధ్యలో నేనేం చేశాను?" అన్నాడు మొగుడు.

కోడలికి నవ్వు రాలేదు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి విప్పి, చేతులు కడిగి, మళ్ళీ కడిగింది. పెద్ద దిమ్మలు. పెద్ద గొట్టాలకు మాత్రమే వాడతారు. నెలకో రెండు నెలలకో ఒక్క ఆర్డరు వస్తుంది. అందాకా అవి కిటికీ పక్కనే ఉంటాయి. వాటికి పక్కనున్న బల్ల పట్టీలక్కది. ఆ రోజు పొద్దున అందరికన్నా ముందు పని మొదలుపెట్టింది పట్టీలక్క. దొంతర పైనుంచి మొదట తీసింది పట్టీలక్క.

మరి దొంతర మీద కూర్చున్నది?

కుళాయి కట్టడం మరిచిపోయింది. "నీళ్ళమ్మాయ్!" అని హాల్లోంచి అత్తగారు అరవలేదు. మామూలుగా అయితే వీధి చివరికి వినబడేట్టు అరిచేది. కోడలు బయటికొచ్చి చూస్తే, ఆవిడ దిమ్మను ఒళ్ళో పెట్టుకుని, దానిమీద అరచెయ్యి ఆనించి, గోడవైపు చూస్తోంది. తన కంగారులో ఉన్న కోడలు అది పట్టించుకోలేదు.

*

మంగళవారం భోజనాల గంట కొట్టాక హాలు ఖాళీ అయింది. కోడలు పది కిలోల ఇనప బిళ్ళను రెండు చేతులా మోసుకొచ్చి బల్లమీద పెట్టింది. పరీక్ష చాలా చిన్నది. దిమ్మమీద బిళ్ళ పెట్టాలి, నిమిషం ఆగాలి, ఎంత దిగిందో స్కేలుతో చూడాలి. పన్నెండు మిల్లీమీటర్లు దాటకూడదు.

దొంతరలో అడుగున ఉన్న దిమ్మ: పదకొండు.

పైన ఉన్నది, అంటే పదిహేను రోజులుగా ఆమె కూర్చుంటున్నది: పదిహేను.

ఎర్రచీటీ కట్టి బీరువాలో పెట్టినవి తీసుకొచ్చి పెట్టింది. మొదటిది ఇరవై. రెండోది ఇరవై ఒకటి. స్కేలు వంకరగా పట్టుకున్నానేమో అని మళ్ళీ చూసింది. ఇరవై ఒకటే.

ఫైలు తెరిచింది. దిమ్మలు వచ్చిన రోజు పరీక్ష: పదకొండు, సరి. సంతకం తనదే. ఆ రోజు నిజంగానే బిళ్ళ పెట్టి చూసింది, బాగా గుర్తుంది. ముప్పై రోజులు దాటాక మళ్ళీ పరీక్ష: పదకొండు, సరి. సంతకం తనదే. ఆ రోజూ బాగానే గుర్తుంది. స్పాంజికేమవుతుంది, పాలా విరగడానికి అనుకుని, పాత అంకె చూసి కొత్త గడిలో దింపింది. ఎక్కడ కూర్చుని దింపిందో కూడా గుర్తుంది. కిటికీలోంచి గాలి వస్తోంది. నడుముకు హాయిగా ఉంది. దేన్ని పరీక్షించానని రాస్తోందో సరిగ్గా దానిమీదే కూర్చుని రాసింది.

బిళ్ళను ఎవరూ చూడకుండా యథాస్థానంలో పెట్టి, డబ్బా తెరిచి, నిలబడే తినడం మొదలుపెట్టింది.

భోజనాలై వచ్చినవాళ్ళలో ఒకామె ఆగింది. "ఏంటి చెకింగమ్మా, ఇవాళ గద్దె ఎక్కలేదు?"

"నడుం పట్టేసింది."

"నడుం పడితే కూర్చుంటారు గానీ నిలబడతారేంటి?"

"ఇది వేరే రకం," అంది కోడలు.

మధ్యాహ్నం సూపర్వైజరు గదిలోకి వెళ్ళింది. ఏం చెప్పాలో దారిలో నాలుగుసార్లు అనుకుంది. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"స్పాంజి మీద కాస్త అనుమానంగా ఉందండీ."

ఆయన పెన్ను మూత పెట్టాడు. "అవునుగానీ, వచ్చినప్పుడు చూసింది మీరే కదా?"

"నేనే."

"ముప్పై రోజులకి మళ్ళీ చూసి సరి అని రాసిందీ మీరే కదా?"

ఆయన మంచివాడే. మొహంలో జాలి కూడా ఉంది. "అవునుగానీ, ఇప్పుడు స్పాంజి అంటే ఆ వేలు ఎవరివైపు తిరుగుతుందో చూసుకోండి. రిపోర్టు బాగా రాశారు. ఉండనివ్వండి. మీరో పనిచెయ్యాలి, రిపోర్టు కింద ఆమె సంతకం కావాలి. తప్పు తెలియజేశాం అని. ఇంటికెళ్ళి తీసుకురండి."

*

పట్టీలక్క ఇల్లు మూడో అంతస్తు. బుధవారం సాయంత్రం కోడలు మెట్లెక్కి తలుపు తట్టేసరికి, ఆమె వరండాలో పాత పత్రికల్ని కట్టలు కడుతోంది. తాడు ఒక చుట్టు, రెండో చుట్టు, ముడి. కట్టకీ తాడుకీ మధ్య రెండు వేళ్ళు దూర్చి చూసి పక్కన పెడుతోంది.

"రండి చెకింగమ్మా. కుర్చీలో కూర్చోండి."

"వద్దక్కా, ఫరవాలేదు."

"మా ఇంట్లో కుర్చీలున్నాయి లెండి, ఫ్యాక్టరీ కాదు. కూర్చోండి."

కోడలు నిలబడే ఉంది. ఈ మూడు రోజులుగా మెత్తగా ఉన్నది ఏది చూసినా కూర్చోబుద్ధి కావడం లేదు. కాగితం తీసి చాపింది. పట్టీలక్క చెయ్యి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అంతా చదివింది.

"పట్టీ మరీ బిగించాను అని రాశారు. బిగిస్తే ఏమవుతుందో తెలుసా మీకు? పెట్టె మూలలు నలుగుతాయి. పట్టీ పడినచోట అట్ట లోపలికి పోతుంది. నలిగాయా?"

కోడలికి పెట్టెలు కళ్ళముందు కనబడ్డాయి. మూలలు నాలుగూ కత్తిరించినట్టున్నాయి. సోమవారం వాటివంక చూసింది. చూసింది గానీ చూడలేదు.

"నలగలేదు," అంది.

"ఆ ముక్క ఇందులో ఎక్కడుంది?"

"లేదు."

"పట్టీకీ పెట్టెకీ మధ్య రెండు వేళ్ళ సందు. ఇదుగో, ఇలా." పాత పత్రికల కట్టలో వేళ్ళు దూర్చి చూపించింది. "మీ కాగితంలో రాయకముందే నా చేతికి తెలుసు అది. తర్వాత మీరు రాశారు. సంతోషించాను, కొత్తగా వచ్చేవాళ్ళకి నేను అరవక్కర్లేదని. ఆ చీటీల మీద సంతకం పెట్టమన్నప్పుడు గొణిగినవాళ్ళంతా మగాళ్ళే. నేను గొణగలేదు. నా పని మీద నా పేరుండటం బాగుందనుకున్నా." ఆమె కాగితం మడిచి తిరిగిచ్చింది. "దీనిమీద మాత్రం పెట్టను."

లోపలి గదిలోంచి ఆమె భర్త దగ్గు వినిపించింది. పట్టీలక్క గొంతు తగ్గించింది.

"ఇంట్లో సెలవు పెట్టానని చెప్పాను. శుక్రవారం తర్వాత ఏం చెప్పాలో మీరే రాసివ్వండి చెకింగమ్మా. మీకు రాయడం బాగా వచ్చుగా."

మెట్లు దిగుతుంటే కోడలి సంచిలో ఆ కాగితం పది కిలోల బిళ్ళలా వేలాడింది. నిజం చెబితే ఉద్యోగం ఉంటుందా? పరీక్ష చెయ్యకుండా చేశానని రాసిన మనిషిని చెకింగులో ఎవరుంచుతారు? ఆడిటరు ముందు బయటపడితే సర్టిఫికెట్టు సంగతేంటి, హాల్లో ఉన్న నలభైమంది సంగతేంటి? చెప్పకపోతే ఒక్కరే పోతారు. ఆ ఒక్కరూ తను కారు. లెక్క మళ్ళీ సూటిగానే ఉంది. ఈసారి ఆ సూటిదనం చూస్తేనే ఆమెకు భయం వేసింది.

గురువారం ఇంట్లో ఏ పనీ కుదురుగా సాగలేదు. ఉతికిన బట్టల్నే మళ్ళీ నానబెట్టింది. మొగుడు "నీకేమైంది?" అని అడిగితే "మీరు సోఫా మధ్యలో కూర్చోకండి" అని అరిచింది. అతను పోయి మెట్టు మీద కూర్చున్నాడు. కుదురుగా లేనిది ఆ ఇంట్లో మరొకరు కూడా. సాయంత్రం రొట్టె వచ్చింది. అత్తగారు దాన్ని నొక్కకుండా తీసుకెళ్ళి అలమరలో పెట్టేసింది.

*

ఆడిటరు అందరూ భయపడ్డట్టు లేడు. గుడ్డసంచి భుజానికి తగిలించుకున్న పెద్దాయన, అరిగిపోయిన చెప్పులు. కేకలు వెయ్యడు, బెదిరించడు. ప్రతిదానికీ "ఎలా తెలిసింది?" అని మాత్రం అడుగుతాడు.

ఈ స్పాంజి మంచిదని ఎలా తెలిసింది? ఈ స్కేలు సరైనదని ఎలా తెలిసింది? ఈ జిగురు తేదీ దాటలేదని ఎలా తెలిసింది? సూపర్వైజరు చెమట తుడుచుకుంటూ సమాధానాలు చెబుతున్నాడు. కోడలు ఫైళ్ళు మోస్తూ వెనకాల నడుస్తోంది. కిటికీ దగ్గర పట్టీలక్క బల్ల ఖాళీగా ఉంది. సొరుగు మూసినట్టే ఉంది.

"రెండు గొట్టాలు పగిలాయన్నారు," అన్నాడు ఆడిటరు ఆ బల్ల పక్కనే ఆగి.

"అవునుగానీ, కారణం కనిపెట్టామండీ. చేతి పొరపాటు. వెంటనే చర్య తీసుకున్నాం." సూపర్వైజరు రిపోర్టు అందించాడు.

ఆడిటరు చదివాడు. కింద ఖాళీ గడిని వేలితో తట్టాడు. "ఆవిడ సంతకం లేదే."

"అవునుగానీ, ఆవిడ ఒప్పుకోలేదండీ. ఎవరు ఒప్పుకుంటారు?"

"చేతి పొరపాటే అని ఎలా తెలిసింది?"

"రెండూ ఆమె కట్టినవే కదండీ!"

"ఊఁ," అన్నాడు ఆయన. ఆ "ఊఁ"లో ఒప్పుకోలు లేదు, వాదనా లేదు. పొద్దున్నించీ నిలబడి ఉన్నాడేమో, నడుం మీద చెయ్యి వేసుకుని అటూ ఇటూ చూశాడు. "కాసేపు కూర్చుని చదవచ్చా?"

"అయ్యో, తప్పకుండా!" సూపర్వైజరు ఒక్క అంగలో దొంతర దగ్గరికి వెళ్ళి, జేబురుమాలుతో పై దిమ్మ దులిపి, రెండుసార్లు ఆప్యాయంగా తట్టాడు. "ఇక్కడ కూర్చోండి సార్. గాలి వస్తుంది. మెత్తగా కూడా ఉంటుంది."

ఆడిటరు సంచి సర్దుకుని, వెనక్కి తిరిగి, మోకాళ్ళు వంచాడు.

"కూర్చోకండి!"

హాల్లో మిషన్లు ఆగినట్టయింది. అరిచింది ఎవరా అని కోడలు కూడా చుట్టూ చూసింది. అందరూ తనవైపే చూస్తున్నారు. పెద్దాయన సగం వంగి అలాగే ఉండిపోయాడు.

"అది కుర్చీ కాదండీ," అంది. "గొట్టాల కింద పెట్టే దిమ్మలవి. రోజూ నేనే కూర్చుంటాను వాటిమీద. కూర్చుంటే మందం తగ్గదు, చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ పన్నెండు దిగాల్సింది ఇరవై ఒకటి దిగుతుంది. మంగళవారం చూశాను. పగిలిన రెండు పెట్టెల్లో ఉన్నవి పైనున్న దిమ్మలు. ఆవిడ పొద్దున్నే వచ్చి పైనుంచి తీసింది. అంతే ఆవిడ చేసిన పాపం."

"అవునుగానీ చెకింగమ్మా..." అని సూపర్వైజరు మొదలుపెట్టి, మొదటిసారిగా ఆ తర్వాత ఏమనాలో తోచక ఆగిపోయాడు.

ఆడిటరు నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. "ముప్పై రోజుల పరీక్షలో పదకొండు అని ఉంది."

"ఆ పరీక్ష నేను చెయ్యలేదండీ. చేసినట్టు రాశాను. పెట్టె మూలలు నలిగాయో లేదో చూడకుండానే పట్టీ బిగిసిందని రాశాను. ఇంకా దిమ్మ ఒకటి మా ఇంట్లో ఉంది. అదీ నేనే పట్టుకెళ్ళాను." ఇక చెప్పడానికి ఏమైనా మిగిలిందేమో అని ఒక్కక్షణం వెతుక్కుంది. "రిపోర్టు తప్పండీ. ఆవిడ చేతులు సరిగానే ఉన్నాయి."

ఆడిటరు గుడ్డసంచిలోంచి పెన్ను తీసి, నిలబడే రాసుకున్నాడు. చాలాసేపు రాశాడు. తర్వాత అడిగాడు.

"ఈ హాల్లో కుర్చీలు ఎన్ని ఉన్నాయి?"

సూపర్వైజరు హాలంతా కలియజూశాడు, ఎక్కడైనా ఒకటి మొలిచిందేమోనన్నట్టు.

"ఎందుకు లేవు?"

"అవునుగానీ... కూర్చుంటే పని సాగదని..."

"ఎలా తెలిసింది?" అన్నాడు ఆడిటరు.

*

ఆడిటరు సర్టిఫికెట్టు ఇవ్వనూ లేదు, తీసెయ్యనూ లేదు. మూడు నెలల్లో మళ్ళీ వస్తానని వెళ్ళాడు. కోడలికి ఒక మెమో ఇచ్చారు. ఆ మూడు నెలలూ ఆమె చేసిన ప్రతి పరీక్షా ఇంకొకరి ఎదుట చెయ్యాలి, వాళ్ళు కూడా సంతకం పెట్టాలి. ఉద్యోగం ఉండేదీ ఊడేదీ ఆ తర్వాత చూస్తారట. పట్టీలక్కకు ఆ రోజే కబురు వెళ్ళింది.

శనివారం పొద్దున ఆమె వచ్చి, సొరుగు తీసి, కత్తెర బయటపెట్టి, గాలిలో రెండుసార్లు ఆడించి చూసుకుంది. కోడలు బల్ల ముందు నిలబడింది. రాత్రంతా కూడదీసుకున్న మాటలు ఒక్కటీ అందలేదు.

"కుర్చీ కావాలంటే అడగొచ్చుగా చెకింగమ్మా," అంది పట్టీలక్క, తలెత్తకుండా. "నా అయిదు రోజుల మీద కూర్చున్నారు."

"తప్పయిపోయిందక్కా."

"అయింది." పట్టీ లాగి, లివరు వంచి, కొస కత్తిరించింది. సందులో రెండు వేళ్ళు దూర్చి చూసుకుంది. "మీ పరీక్షలకి పక్కన ఎవరో నిలబడి చూడాలట కదా? నేను నిలబడతాను. నాకైతే మొహమాటం లేదు."

మధ్యాహ్నానికి కిటికీ పక్కకు ఒక కుర్చీ వచ్చింది. ఇనప కుర్చీ, కూర్చుంటే కీచుమంటుంది. కొత్త రిపోర్టులో "నివారణ చర్య" అన్నచోట కోడలు "దిమ్మలు అలమరలో భద్రపరచడమైనది. కుర్చీ ఒకటి" అని రాసింది. సాక్షి గడిలో పట్టీలక్క సంతకం పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే జరిగిందంతా చెప్పింది. మామూలుగా అయితే అత్తగారు మధ్యలో పదిసార్లు అడ్డం వచ్చేది. ఈసారి అంతా విన్నది. ఎనిమిదో దిమ్మ ఆవిడ ఒళ్ళోనే ఉంది. సోమవారం దాన్ని తిరిగివ్వాలి.

"అక్కడ కూర్చోమని నీకెవరు చెప్పారని అడగలేదా?"

"అడిగారు. అలవాటు అని చెప్పాను."

అత్తగారు దిమ్మను బొటనవేలితో నొక్కింది. లెక్కపెట్టలేదు. గుంట చాలాసేపు అలాగే ఉంది.

"మా రోజుల్లోనూ పగిలొచ్చేవి," అంది. "ఏడాదికి నాలుగో, అయిదో."

కోడలు చెప్పులు విప్పబోతున్నది ఆగింది. ఈ మాట ఈ ఇంట్లో ఎప్పుడూ వినలేదు. "మరి ఏం చేసేవాళ్ళు?"

"ఏం చేస్తాం? లారీ డ్రైవర్ని తిట్టేవాళ్ళం. చీటీ లేదు, తేదీ లేదు, ఎవరు ఏది కట్టారో ఎవరికి తెలుసు? ఒకతను ఉండేవాడు, మెడకి ఎప్పుడూ తువ్వాలు చుట్టుకుని. ఒకసారి అతని బండిలో మూడు పగిలాయి. గుంటలో దూకించావు అన్నారు. లేదమ్మా, గుంట దగ్గర ఆపి, దిగి చూసి మరీ నడిపాను అని నాతో మొత్తుకున్నాడు. నాతోనే ఎందుకంటే, నా మాటకి అక్కడ విలువ. మేనేజరు నన్ను పిలిచి స్పాంజి ఎలా ఉందని అడిగాడు. బ్రహ్మాండంగా ఉంది, నొక్కి చూశాను అని చెప్పాను. అతన్ని తీసేశారు."

"నొక్కి చూశారా?"

అత్తగారు బొటనవేలివైపు చూసుకుంది, అది ఇంకెవరిదో అయినట్టు.

"లేదు. పొద్దుట్నుంచీ దానిమీదే కూర్చున్నాను, మళ్ళీ నొక్కేదేముందిలే అనుకున్నాను."

పేపరు వెనకనుంచి కొడుకు తల బయటికి వచ్చింది. ఎవరూ అతన్ని చూడలేదు. కోడలు వచ్చి, సోఫాలో మధ్య దిండు మీద, అత్తగారి పక్కన కూర్చుంది. అది ఇద్దరినీ ఒకవైపుకే ఒరిగించింది.

"అతని తప్పు లేదమ్మాయ్," అంది ఆవిడ. "పొరపాటు నాదే."